పరవాలేదంటే ఎన్ని మార్కులు?

మార్కులు వేయడం మనకు ఎవరూ నేర్పక్కర్లేని విద్య. పెళ్ళిచూపుల్లో పిల్లకీ, పెళ్ళిభోజనంలో సాంబారుకీ, చివరికి పక్కింటి ముగ్గుకీ మనసులోనే మార్కులు వేసేసుకుంటాం. వేస్తే వేశాం, ఏ లెక్కన వేయాలి? నూటికా, పదికా, అయిదు నక్షత్రాలకా? అంకె లేకుండా మాటతో సరిపెట్టాలా? ఇదేదో పంతుళ్ళ గొడవనుకునేదాన్ని. మావాడు వీడియో గేముల్లో పడ్డాక తెలిసింది, లోకంలో దీనిమీద పెద్ద వాదాలే ఉన్నాయని.

గేము కొనేముందు వాడు చూసేది బొమ్మా కాదు, కథా కాదు, మార్కులు. ఒక ఆట గురించి నెల్లాళ్ళు ఊదరగొట్టి, తీరా కొనుక్కోరా అంటే పెదవి విరిచాడు.

"డెబ్భై ఒకటేనమ్మా."

"ఫస్టు క్లాసే గదరా!"

"నీకు తెలీదులేమ్మా. గేముల్లో డెబ్భై అంటే ఫెయిలు కిందే లెక్క."

నాకు మా అత్త గుర్తొచ్చింది. మాది సత్యవేడు. కాస్త దూరం పోతే ఊత్తుకోట, అక్కణ్ణించి తమిళనాడే. తెలుగూ తమిళమూ రెండూ చదివే పెద్దవాళ్ళకు మా ఊళ్ళో కొదవలేదు. మా అత్త ఆనంద వికటన్ భక్తురాలు. ఆ పత్రిక సినిమాలకు నూటికి మార్కులు వేసేది. 1977లో భారతీరాజా తీసిన '16 వయదినిలే'కి వేసినవి 62.5. మరుసటేడు తెలుగులో 'పదహారేళ్ళ వయసు'గా వచ్చింది, అదే కథ. మన పిల్లలకు అన్ని మార్కులొస్తే ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగదు. వికటన్‌లో మాత్రం అది శిఖరం. ఏళ్ళ తరబడి దాన్ని దాటిన సినిమా లేదు. ఆ సంగతి తెలుసు గనకే మా అత్త నలభై దాటితే చాలు, సినిమాకి బయల్దేరేది.

ఆమె వేసే మార్కులూ అంతే. నేను కాపరానికొచ్చిన కొత్తలో ఏం వండినా "పరవాలేదు" అనేది. నాకు ఏడుపొచ్చేది. ఏడాదికిగానీ తెలీలేదు, ఆమె దగ్గర అంతకు మించిన మాట లేదని. ఎదురింటి పిన్నమ్మ ఉంది, ఉప్పు మరిచిన పప్పుకైనా "అబ్బబ్బ, అమృతం!" అంటుంది. ఇద్దరి మాటా నాకు పనికొచ్చేదే, అన్నది ఎవరో తెలిసినంతవరకు.

తంటా అంతా ఆ రెండూ కలిపి సరాసరి తీసినప్పుడే. 2001లో మొదలైన మెటాక్రిటిక్ చేసే పని అదే. ఒకరు పదికి వేస్తారు, ఒకరు నక్షత్రాలిస్తారు. అన్నిటినీ నూటికి మార్చి, కొందరి మాటకు కాస్త ఎక్కువ బరువిచ్చి, ఒక్క అంకె తేలుస్తారు. ఆ అంకె ఊరికే పోదు. 2010లో వచ్చిన 'ఫాల్అవుట్: న్యూ వేగస్' తయారుచేసిన అబ్సీడియన్ కంపెనీకి, 85 తెచ్చుకుంటే బోనసని ఒప్పందం. వచ్చినవి 84! బోనసు లేదు. ఆ 84కీ 85కీ మధ్య తేడా ఆటలో ఎక్కడుందో చూపించమంటే ఎవరు చూపగలరు? పనిచేసినవాళ్ళ ఇళ్ళల్లో మాత్రం కనబడకుండా ఉంటుందా?

జపాను 'ఫామిట్సు' పత్రిక పద్ధతి నాకు కొంత నచ్చింది. నలుగురు ఆడి తలా పదికి వేస్తారు, మొత్తం నలభై. మొదటిసారి నలభైకి నలభై 1998లో ఒక 'జెల్డా' ఆటకు దక్కింది. ఒకరు తొమ్మిదీ ఒకరు అయిదూ వేస్తే ఆ తగువు మన కళ్ళముందే ఉంటుంది. సరాసరి అయితే దాన్ని మింగేస్తుంది.

స్టీమ్ అనే గేముల దుకాణంలో కొన్నవాళ్ళు బొటనవేలు పైకో కిందికో చూపిస్తారు, అంతే. నూటికి ఎందరికి నచ్చిందో చెబుతారు. వందలమంది చెప్పేచోట ఇదే మేలు. నా నవలకు ఒక ఆన్‌లైన్ దుకాణంలో ఒకావిడ ఒక్కటే నక్షత్రం ఇచ్చింది. కారణం? "పార్సిలు తడిసి వచ్చింది." బొటనవేలయితే ఒక్క వోటుతో పోయేది! కానీ నూటికి తొంభై అయిదుగురు పైకి చూపించారంటే అది మహాకావ్యమనీ కాదు. అందరూ "పరవాలేదు" అనుకున్నా అంతే వస్తుంది.

అంకెలే వద్దనుకుని యూరోగేమర్ వాళ్ళు 2015లో మార్కులు మానేశారు. 2023లో మళ్ళీ అయిదు నక్షత్రాలతో వచ్చారు. అంకె లేకపోతే మనకు తోచదు కాబోలు. ఉంటే ఉండనీండి. మనకు తెలిసిన ఒక్కరు వేస్తే అయిదు మెట్లు చాలు, కింద నాలుగు మాటలుండాలి. మన సినిమా సమీక్షల్లో రెండుముప్పావు, మూడుంబావు అని వేస్తుంటారే, ఆ పావు నక్షత్రం ఎక్కడ విరిచి తెస్తారో నాకిప్పటికీ అంతుబట్టదు.

ఇంత ఆలోచన నాకెందుకంటే, ఆ మధ్య మావాడి లెక్కల పరీక్ష కాగితం పుస్తకం అట్టలో దాచిపెట్టి దొరికింది. నూటికి 73. గేముల లెక్కన తననీ ఫెయిలు చేసేసుకున్నాడు పిల్లవాడు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఆ అంకె మీద చెయ్యి పెట్టి, తప్పుపోయిన లెక్కలు మాత్రం చూశాం. అన్నీ త్రిభుజాలవే. మిగతావి శుభ్రంగా చేశాడు.

మా అత్త కళ్ళజోడు పెట్టుకుని కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "పరవాలేదు నాయనా" అంది.

మావాడి మొహం విప్పారింది. మా ఇంట్లో అంతకు మించిన మార్కు లేదని వాడికీ తెలుసు.