హీటింగ్ వెయ్యమంటారా, స్వెట్టర్ వేసుకుంటారా?

ఇంగ్లండులో కాపురముంటున్న తెలుగిళ్లలో మొగుడూ పెళ్లాలు పోట్లాడుకోవడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. హాల్లో గోడకి అరచేతంత థర్మోస్టాట్ ఉంటుంది, అది చాలు. ఒకరు పోతూ పోతూ దాన్ని 18కి దించుతారు. ఇంకొకరు వస్తూ వస్తూ 22కి పెంచుతారు. పిల్లలు టీషర్టులతో తిరుగుతూ చలి అంటారు. సాయంత్రం దాన్నెవరు ముట్టుకున్నారని అడిగితే ఎవరూ ముట్టుకోలేదంటారు. మా ఇంట్లో దించేది నేను, పెంచేది మా ఆయన. ఉయ్యూరు ఎండల్లో పెరిగిన ఒంటికి 20 డిగ్రీలంటే పుష్యమాసమేనని ఆయన వాదన. కాదనను. కానీ ఆ ఒక్క ఒంటిని వెచ్చబెట్టడానికి మూడు పడగ్గదుల ఇల్లంతా వెచ్చబెట్టడమెందుకన్నది నా వాదన. గ్లాసుడు కాఫీ కోసం డేగిసాడు పాలు కాచినట్టు లేదూ?

ఇది నేను కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. ఇంగ్లీషువాళ్లు కూడా మొన్నమొన్నటిదాకా ఒక్క గదినే వెచ్చబెట్టుకుని బతికారు. 1970లో బ్రిటన్‌లో సెంట్రల్ హీటింగ్ ఉన్న ఇళ్లు మూడో వంతుకి మించవు. చలికాలంలో ఇళ్ల లోపల సగటు ఉష్ణోగ్రత 12 డిగ్రీల దగ్గర ఉండేదని అంచనా. అంతకుముందు ముందుగదిలో ఒక బొగ్గు పొయ్యి, దాని చుట్టూ ఇంటిల్లిపాదీ. పడగ్గదుల్లోకి వెళ్లడమంటే పరుపులోకి దూరడానికే. మా పక్కింటి పెద్దావిడ చిన్నప్పుడు పొద్దున్నే లేచి కిటికీ అద్దం లోపలివైపు పేరుకున్న మంచు మీద గోటితో బొమ్మలు గీసేదట. చెప్పేటప్పుడు ఆవిడ మొహంలో గర్వమే తప్ప కష్టం కనిపించదు. అయితే వాళ్లింట్లో రేడియేటర్లు పెట్టించిన రోజున వాళ్లమ్మ ఏడ్చిందని కూడా ఆవిడే చెప్పింది, సంతోషంతో.

బొగ్గు పొయ్యి పోవడానికి పెద్ద కథే ఉంది. 1952 డిసెంబరులో లండన్‌ని పొగమంచు కమ్మేసి వేలమంది చనిపోయాక, 1956లో గాలిని శుభ్రంగా ఉంచే చట్టం వచ్చింది. 1965లో ఉత్తర సముద్రం అడుగున గ్యాస్ దొరికింది. 1967 నుంచి పదేళ్లపాటు మనుషులు ఇంటింటికీ తిరిగి, సుమారు 4 కోట్ల పొయ్యిలనీ హీటర్లనీ కొత్త గ్యాస్‌కి పనికొచ్చేలా మార్చారు. గ్యాస్ చవక. బాయిలర్ వచ్చింది, గదికో రేడియేటర్ వచ్చింది. జార్జ్ ఆర్వెల్ 1945లోనే పొయ్యి మంటని వెనకేసుకొస్తూ ఒక పత్రికావ్యాసం రాశాడు. పొయ్యి ఉంటే కుటుంబమంతా ఒక్కచోట కూర్చుంటుందని ఆయన లెక్క. ఇప్పుడు మా ఇంట్లో ఒకడు పైగదిలో, ఒకతె పక్కగదిలో, ఈయన కింద టీవీ ముందు. ప్రతి గదీ వెచ్చగా ఉంటే ఎవరికి ఎవరితో పని? ఈ ఒక్క పాపం మాత్రం ఫోన్ల మీదికి నెట్టక రేడియేటర్ల మీద వెయ్యాలి.

2022లో అందరికీ ఒక్కసారి మెలకువ వచ్చింది. అప్పటికే పెరుగుతున్న గ్యాస్ ధర ఉక్రెయిన్ యుద్ధంతో ఆకాశానికెక్కింది. అంతకుముందు ఏడాది చలికాలం మొదట్లో మామూలు ఇంటికి గ్యాసూ కరెంటూ కలిపి ఏడాదికి 1,277 పౌండ్ల దగ్గర ఉన్న, నియంత్రణ సంస్థ పెట్టిన ధరల పరిమితి, 2022 ఏప్రిల్‌కి 1,971 అయింది. అక్టోబరులో 3,549కి పోవాల్సింది, ప్రభుత్వం అడ్డుపడి 2,500 దగ్గర ఆపింది. పైగా ఇంటికి 400 పౌండ్లు విడతలుగా ఇచ్చింది. లైబ్రరీలూ చర్చిలూ తలుపులు తీసి, ఇంట్లో హీటింగ్ వేసుకోలేని వాళ్లని వచ్చి కూర్చోమన్నాయి. ప్రపంచంలో పెద్ద ఆర్థిక వ్యవస్థల్లో ఒకటైన దేశంలో ముసలివాళ్లు చలికాచుకోవడానికి లైబ్రరీకి నడవాల్సి వచ్చింది. అది మర్చిపోయే సంగతి కాదు.

ఆ చలికాలం రేట్లతోనే కాగితం మీద లెక్క వేశాను. గ్యాస్ యూనిట్ సుమారు 10 పెన్నీలు, కరెంటు యూనిట్ 34. బాయిలర్ గంటలో 10 యూనిట్ల గ్యాస్ మండిస్తే ఒక పౌండు. ఒళ్లో కప్పుకునే కరెంటు దుప్పటికి 100 వాట్లు, గంటకి మూడున్నర పెన్నీలు. రెండు లీటర్ల నీళ్లు కెటిల్‌లో కాచి రబ్బరు సీసాలో పోసుకుంటే ఏడెనిమిది పెన్నీలు, అది అర్ధరాత్రి దాకా వెచ్చగానే ఉంటుంది. ఇక అసలు హీటర్ మనమే. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి కూడా ఇంచుమించు 100 వాట్ల వేడి బయటికి పోతూ ఉంటుంది. దాన్ని పోనివ్వకుండా పట్టుకోవడమే స్వెట్టర్ పని. ఒక్క మందపాటి చొక్కా కన్నా రెండు పల్చటివి మేలు, మధ్యలో చిక్కిన గాలే వేడిని కాపాడుతుంది. వెచ్చబడాల్సింది ముందు పాదాలు. కాళ్లు చల్లగా ఉంటే గది 21లో ఉన్నా మనసుకి చలే.

రబ్బరు సీసా గురించి ఒక మాట. సలసలా కాగే నీళ్లు పొయ్యకూడదు, కాసేపు ఆగి పొయ్యాలి. సీసా మెడ దగ్గర పువ్వు ఆకారంలో ఒక ముద్ర ఉంటుంది, మధ్యలో అంకె తయారైన సంవత్సరం. రెండుమూడేళ్లు దాటితే పారెయ్యడం మంచిది. రబ్బరు చివికి నిద్రలో పగిలితే కాళ్లు కాలతాయి.

క్రిందటేడు మా అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చారు. విమానం దిగేటప్పటికే మంకీ క్యాప్, మఫ్లర్, రెండు శాలువాలు. తల నుంచే సగం వేడి పోతుందన్న మాట నిజం కాదు గానీ, మిగతా ఒళ్లంతా కప్పుకుని తలొక్కటీ వదిలేస్తే చలి వేస్తుందన్నది నిజమే. కాబట్టి మంకీ క్యాప్‌ని చూసి నవ్వే హక్కు ఎవరికీ లేదు. నన్ను చూడగానే ఆవిడ అడిగిన మొదటి మాట, "అమ్మాయ్, ఇంత సంపాదిస్తూ ఇంట్లో కూడా స్వెట్టరేమిటే? ఆ మిషనేదో వెయ్యరాదూ?"

"వేశాం అత్తయ్యా, ఈ గదిలో వేశాం."

"మరి ఆ గదిలో?"

"అక్కడెవరూ లేరు కదండీ."

ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించి, "అదీ నిజమేలే, లైటయితే కట్టేస్తాంగా" అన్నారు. పొదుపు విషయంలో పాతకాలం వాళ్లకి పాఠాలు చెప్పక్కర్లేదు. పురిటి గదిలో కుంపటి పెట్టి ఆ ఒక్క గదినే వెచ్చగా ఉంచిన మనుషులు వాళ్లు. లంబసింగి చలిలో నెగడు చుట్టూ కూర్చున్నవాళ్లూ, గొర్రెల వెంట గొంగడి కప్పుకుని రాత్రంతా గడిపేవాళ్లూ ఊరంతటినీ వెచ్చబెట్టాలని చూడరు. కాశ్మీరులో ఫెరన్ అనే వదులు అంగీ కింద కాంగ్డీ అనే చిన్న నిప్పుల కుంపటి పట్టుకుంటారు. జపాన్‌లో బల్ల కింద హీటరు పెట్టి, బల్ల మీంచి బొంత కప్పి, అందరూ కాళ్లు అందులోకి చాపుకుని కూర్చుంటారు, కొతాత్సు అంటారు దాన్ని. ఎక్కడైనా చలికి మనిషి కనిపెట్టిన ఉపాయం ఒక్కటే, వేడిని ఒంటికి దగ్గరగా తెచ్చుకోవడం. కుంపటి మాట వచ్చింది కనక చెప్పాలి, ఇక్కడి తలుపులు బిగించిన ఇళ్లలో బొగ్గుల కుంపటి గానీ బార్బెక్యూ గానీ లోపల పెట్టకండి. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మా ఇల్లు విక్టోరియా రాణి కాలం నాటిది, లెస్టర్‌లో వరసగా అతుక్కుని కట్టిన ఎర్ర ఇటుక ఇళ్లలో ఒకటి. 1920కి ముందు కట్టిన వాటిలో చాలావాటికి గోడ మధ్యలో ఖాళీ ఉండదు. ఖాళీ ఉంటే అందులో దూది లాంటిదేదైనా నింపొచ్చు, మాకా అవకాశం లేదు. కాబట్టి మా పోరాటమంతా సందులతోనే. వాడని పొగగొట్టంలోంచి ఇంట్లో వేడంతా పైకి ఎగిరిపోతుంది, అందులో ఉన్ని దిమ్మ దోపాం. చెక్క నేల పలకల మధ్య గాలి ఈలలు వేసేది, తివాచీ పరిచాం. వీధి తలుపు కింద సందుకి ఇక్కడివాళ్లు పొడుగు కుక్క ఆకారంలో ఒక గుడ్డ దిండు అమ్ముతారు. అత్తయ్య దాని ధర చూసి ముక్కున వేలేసుకుని, పాత నేత చీరని గొట్టంలా కుట్టి, లోపల చింకి గుడ్డలు కూరి పెట్టారు. తోకా చెవులూ లేవు గానీ గాలి ఆగింది. పొద్దు గూకగానే పరదాలు వేసెయ్యాలి. అవి రేడియేటర్ మీదికి వేలాడితే మాత్రం వేడంతా కిటికీ అద్దానికే పోతుంది. అటక మీద పరిచే ఉన్ని 270 మిల్లీమీటర్ల మందం ఉండాలంటారు. ఇంటికి పెట్టే ఖర్చుల్లో అంత త్వరగా తిరిగొచ్చేది నాకు తెలిసి మరొకటి లేదు.

బాయిలర్ సంగతి రెండు ముక్కల్లో. 2005 తర్వాత పెట్టినవి చాలావరకు కండెన్సింగ్ రకం. రేడియేటర్లకి పంపే నీళ్ల వేడిని 60కో అంతకన్నా కిందికో దించితేనే అవి పొగలో పోయే వేడిని కూడా సరిగ్గా వెనక్కి లాక్కుంటాయి, బిగించినవాళ్లు 75లోనో 80లోనో వదిలేసి పోతారు. ఇది వేన్నీళ్ల ట్యాంకు లేని కాంబీ బాయిలర్లకి చెప్పే మాట, వేన్నీళ్ల ట్యాంకు ఉన్న ఇళ్లలో ట్యాంకు నీళ్లు 60కి తగ్గకూడదు, లెజియొనెల్లా అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. ఇక రోజంతా సన్నగా వేసి ఉంచితే చవకన్నది వాట్సాప్ శాస్త్రం, మామూలు ఇళ్లకి అది నిజం కాదు.

ఇంత చెప్పాక అసలు భయం చెప్పాలి, చెమ్మ. ఇల్లు చల్లబడితే గాలిలోని తడి గోడల మీద దిగుతుంది. మన వంట ఈ పనిలో ఆరితేరినది. ఇడ్లీ కుక్కర్ ఆవిరి, పప్పు విజిళ్లు, సాంబారు మరుగు అన్నీ కలిసి పక్కగది గోడ మీద నల్ల మచ్చలై తేలతాయి. దానికి తోడు రేడియేటర్ల మీద ఆరేసిన జీన్‌ప్యాంట్లు. ఒక్క ట్రిప్పు బట్టలు ఆరితే రెండు లీటర్ల దాకా నీళ్లు గాలిలో కలుస్తాయి. వంటింటి ఫ్యాన్ వెయ్యాలి, మూత పెట్టి వండాలి, పొద్దున్నే పది నిమిషాలు కిటికీలు బార్లా తీసెయ్యాలి. బయట 3 డిగ్రీలున్నా తియ్యాలి. పోయేది గాలిలో వేడే, గోడల్లో వేడి అంత త్వరగా పోదు. తడిని లాగేసే డీహ్యుమిడిఫయర్ కొనే విషయంలో మా ఆయనా నేనూ మొదటిసారి ఒక్క మాట మీద నిలబడ్డాం. అది తిన్న కరెంటు కూడా గదిలో వేడిగానే మిగులుతుంది.

బూజు అంటే గోడ అందం చెడే విషయం కాదు. 2020 డిసెంబరులో రోచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల పిల్లవాడు చనిపోయాడు. ఫ్లాట్‌లో చాలాకాలం పట్టి ఉన్న బూజే కారణమని 2022లో విచారణాధికారి తేల్చారు. తల్లిదండ్రులు పదేపదే మొరపెట్టుకున్నా ఇల్లు అద్దెకిచ్చిన సంస్థ పట్టించుకోలేదు. ఫిర్యాదు వస్తే తక్కువ అద్దెకి ఇళ్లిచ్చే కౌన్సిళ్లూ హౌసింగ్ సంస్థలూ గడువులోగా కదలాలని ఇప్పుడు ఆ పిల్లవాడి పేరు మీదే చట్టం ఉంది. పొదుపు పేరుతో ఇంటిని బొత్తిగా చల్లార్చేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంటికి చెప్పే కనీస ఉష్ణోగ్రత 18 డిగ్రీలు. పసిపిల్లలూ ముసలివాళ్లూ ఆయాసం ఉన్నవాళ్లూ ఉంటే అదీ చాలకపోవచ్చు. అత్తయ్య ఉన్నన్నాళ్లూ ఆవిడ గది 21లో ఉంది, మీటర్ వైపు నేను చూడలేదు. పొదుపు మన ఒంటి మీద చెయ్యాలి గానీ పెద్దవాళ్ల ఒంటి మీద కాదు.

ఇది చదివే వాళ్లలో ఈ సెప్టెంబరుకి పిల్లల్ని ఇంగ్లండు పంపుతున్న తల్లిదండ్రులుంటారు. ఐదారుగురు కుర్రాళ్లు కలిసి ఒక ఇల్లు తీసుకుంటారు, నవంబరులో బిల్లు వచ్చాక థర్మోస్టాట్ దగ్గర స్నేహాలు విరుగుతాయి. సూట్‌కేసులో ఆవకాయ సీసాల మధ్య రెండు జతల ఉన్ని మేజోళ్లకి చోటుంచండి. జాకెట్ మాత్రం ఇంగ్లండులోనే కొనుక్కోమనండి, మన ఊళ్లో కొన్నవి ఈ చలికి ఆగవు. ఇల్లు చూసేటప్పుడు వంటగది కన్నా ముందు ఇంటి ఇంధన పొదుపు ఎంతో చెప్పే ఈపీసీ పత్రం చూడమనండి. ఏ నుంచి జీ దాకా గ్రేడు రాసి ఉంటుంది, మినహాయింపు పొందితే తప్ప ఇంగ్లండులో 'ఈ' గ్రేడు కన్నా తక్కువ ఉన్న ఇల్లు అద్దెకివ్వడం చట్టవిరుద్ధం. అద్దె కాస్త ఎక్కువైనా సీ గ్రేడు ఇల్లే చివరికి చవక.