పాత వీసీఆర్ పెట్టెలో కొత్త సినిమా హాలు!

సినిమా హాల్లో కూర్చుని ఎప్పుడైనా వెనక్కి తిరిగి చూశారా? తెరమీద హీరోయిన్ నవ్వుతుంటే వెనక్కి చూసే పిచ్చివాడెవడండీ అంటారా? నేను చూసేవాణ్ణి. వెనక గోడకున్న చిన్న కంతలోంచి వెలుగొచ్చేది. ఆ కంత వెనకాల మా నాన్న ఉండేవాడు మరి!

నాన్న పాతబస్తీలో ఓ హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్. సెకనుకి 24 ఫ్రేములు, నిమిషానికి 90 అడుగుల ఫిల్ము. మెషీన్ టకటకలాడుతుంటే ఆ గదిలో పక్కవాడి మాట వినబడేది కాదు. కార్బన్ కడ్డీల మధ్య మండే వెలుగుకి పుట్టే వేడీ, పొగా గొట్టంలోంచి పైకి పోయేవి. హాల్లో కూర్చున్న మనకో? వేడీ తెలీదు, చప్పుడూ తెలీదు. బొమ్మ ఒక్కటే! "మిషన్ ఉన్నట్టు జనానికి ఎరుక గావొద్దు రా. గదే ఆపరేటర్ పని" అనేవాడు నాన్న.

ఫిల్ము పోయి డిజిటల్ వచ్చాక ఆ పనీ పోయింది. ఓ శాలువా కప్పి ఇంటికి పంపేశారు. అప్పట్నుంచి నాన్న సినిమా చూడటమే మానేశాడు. సెల్‌ఫోన్‌లో చూపిస్తే "గిది బొమ్మనా? పోస్టు బిళ్ళ!" అని మొహం తిప్పుకున్నాడు. రోజంతా కిటికీ దగ్గర కూర్చుని గల్లీ వైపు చూస్తూ గడిపే మనిషిని మళ్ళీ తెర ముందుకి తేవడం ఎలా?

ఇంట్లో టీవీ ఉంది. దానికో కంప్యూటర్ తగిలిస్తే పాత సినిమాలన్నీ ఒకచోట పెట్టుకుని కావలసింది వేసుకోవచ్చు. హోమ్ థియేటర్ కంప్యూటర్ అంటారే, అది! కానీ మామూలు కంప్యూటర్ డబ్బా టీవీ పక్కన పెడితే ఫ్యాను గుయ్యిమంటుంది. మెల్లగా చెప్పే డైలాగు అందులో కొట్టుకుపోతుంది. చప్పుడు చెయ్యని రెడీమేడ్ పెట్టె కొందామంటే... ఫ్రీలాన్స్ విలేకరి జేబు సంగతి మీకు వేరే చెప్పాలా!

ఓ గురువారం పొద్దున్నే జుమేరాత్ బజార్‌కి బయల్దేరాను. ఉర్దూలో జుమేరాత్ అంటే గురువారమే. 1578లో కుతుబ్‌షాహీలు కట్టిన పురానాపూల్ దగ్గర ఈ సంత. గోనెపట్టాలు పరిచి, తల లేని బొమ్మ నుంచి మోటారు లేని మిక్సీ దాకా అమ్మేస్తారు. అక్కడ దొరికాడు నా హీరో... ఓ పాత వీసీఆర్! "నడుస్తుందా భాయ్?" అనడిగితే, "నడిస్తే ఇక్కడికెందుకొస్తది సాబ్?" అన్నాడు అమ్మేవాడు. సమాధానం నచ్చి బేరం కుదిర్చేశాను.

వీసీఆరే ఎందుకంటారా? వెడల్పు 43 సెంటీమీటర్లు. చిన్న కంప్యూటర్లలో వాడే మినీ ఐటీఎక్స్ బోర్డు 17 సెంటీమీటర్ల చదరం. హాయిగా పడుతుంది. పైగా ముందు క్యాసెట్ నోరుంది చూశారూ, అది గాలి పీల్చుకోవడానికి చక్కటి దారి!

పాత యంత్రాన్ని ఊడదీశాను. ప్లగ్గు పీకిన వెంటనే మాత్రం లోపల చెయ్యి పెట్టకండి. కెపాసిటర్లలో షాకు దాక్కుని ఉంటుంది. బోర్డు ఆఫీసు కంప్యూటర్ల తుక్కులో దొరికింది. ల్యాప్‌టాప్ అడాప్టర్ ఇచ్చే 19 వోల్టులతో నడిచే రకం. అంచేత 230 వోల్టుల కరెంటు పెట్టెలోకే రాదు. అడాప్టర్ వేడి కూడా బయటే. బోర్డు రేకుకి ఆనితే షార్టవుతుంది కదా, ఓ తుక్కు క్యాబినెట్‌లోంచి ఇత్తడి కాళ్ళు పీకి కింద బిగించాను. వెనకవైపు వైర్లకి కావలసిన కంతలు మా గల్లీలో రేకు పని చేసే చాచా ఆకురాయితో అరగదీసి పెట్టాడు.

ఇక విలన్... ఫ్యాను! చిన్న ఫ్యాను కావలసినంత గాలి తోలాలంటే గింగిరాలు తిరగాలి. ఆ వేగమే చప్పుడు. 12 సెంటీమీటర్ల ఫ్యాను నెమ్మదిగా తిరిగినా అంత గాలీ తోలుతుంది. కానీ పెట్టె ఎత్తు 10 సెంటీమీటర్లే. నిలబెడితే పట్టదు. అందుకని మూతకి చిల్లులు పొడిచి, కిందవైపు పడుకోబెట్టి బిగించాను. వేడిగాలి ఎలాగూ పైకే పోతుంది.

అయినా ఏదో సన్నటి రొద. నేను తల గోక్కుంటుంటే కిటికీ దగ్గర్నుంచి నాన్న లేచొచ్చాడు. మూతమీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. "ఫ్యాను సప్పుడు గాదు రా, రేకు వణుకుతున్నది. సైకిల్ ట్యూబు తీస్కరా" అన్నాడు. ట్యూబు ముక్కలు తనే కోసి ఫ్యానుకీ రేకుకీ మధ్య పెట్టించాడు. రొద మాయం! ఆపరేటర్ చెయ్యండీ అది!

మొదటి ఆట 'అల్లూరి సీతారామరాజు'. 1974లో వచ్చిన తొలి తెలుగు సినిమాస్కోప్ చిత్రం. టీవీలో పైనా కిందా నల్లపట్టీలు వచ్చాయి. ఏమంటాడోనని చూశాను. "స్కోపు బొమ్మ గట్లనే ఉంటది. పక్కలు కొయ్యలే, మంచిగున్నది" అన్నాడు. చివరిదాకా కుర్చీలోంచి లేవలేదు. పెట్టె వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నాకు అంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఏం కావాలి!

మీరూ ఓ గురువారం జుమేరాత్ బజార్‌కి వెళ్ళి చూడండి. బేరం మాత్రం గట్టిగా ఆడండి. పెట్టె తయారయ్యాక ఇంట్లో పాతకాలపు మనిషెవరైనా ఉంటే, మూతమీద ఓసారి చెయ్యి వెయ్యమని అడగండి.