నాన్నగారి ఆటగాడి అద్దాలు



నల్ల కళ్లద్దాలు పెట్టుకుని మిరప చేలోకి దిగిన పెద్దమనిషిని మా ఊరిలో ఎవరూ చూసి ఎరుగరు. అటువంటిది, డెబ్బైకి దగ్గరపడిన మా నాన్నగారి కోసం, క్రికెట్ ఆటగాళ్లు పెట్టుకునే మాదిరి కణతల దాకా చుట్టుకుని ఉండే అద్దాలు వెతుకుతూ మేము అన్నదమ్ములిద్దరం ఒక సోమవారమంతా నరసరావుపేటలో తిరిగాము.

కారణం కంటి కండ. ముక్కు వైపున తెల్లగుడ్డు మీద మొదలై మెల్లగా నల్లగుడ్డు మీదికి పాకే ఈ పొరను వైద్యులు టెరీజియం అంటారు. ఏళ్ల తరబడి ఎండలో, గాలిలో, దుమ్ములో పనిచేసేవారికి ఇది ఎక్కువగా వస్తుంది. నాన్నగారి ఎడమ కంటిలో అది చూపుకు అడ్డం వచ్చేవరకు ఆయన పట్టించుకోలేదు. మేమూ పట్టించుకోలేదు. చివరికి ఆపరేషను చేసి కండ తీసివేశారు. అదే కంటి పైభాగం నుండి పలుచని పొర తీసి ఆ చోట అతికించారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు, “ఇది మళ్లీ రావచ్చు. ఎండలోకి వెళ్తే పక్కలు కూడా కప్పే అద్దాలు పెట్టండి” అన్నారు.

పక్కలు ఎందుకని మేము అడిగాము. ఆస్ట్రేలియాలో మినాస్ కొరోనియో అనే కంటి వైద్యుడు దీనిని వివరించాడట. చెవి వైపు నుండి ఏటవాలుగా వచ్చే వెలుతురు నల్లగుడ్డు గుండా వంగి, ముక్కు వైపు అంచున ఒకచోట కూడుకుంటుంది. చిన్నప్పుడు భూతద్దం కింద కాగితం కాల్చినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మామూలు చదును అద్దాలు ఎదురుగా వచ్చే ఎండను ఆపుతాయి గాని, ఆ పక్క దారి తెరిచే ఉంచుతాయి. చలువ అద్దాలకు అందరికంటే ముందు, 1971లో, ప్రమాణాలు పెట్టుకున్న దేశం కూడా ఆస్ట్రేలియాయే. అక్కడి ఎండ అటువంటిది మరి.

మొదట బస్టాండు దగ్గర బండి మీద చూశాము. నూట యాభై రూపాయలకు నీలం రంగు తళతళలాడే అద్దాలు. మా తమ్ముడికి అవే నచ్చాయి. అయితే నల్లదనం వేరు, రక్షణ వేరు. అతినీల కిరణాలను ఆపని అద్దం ఎంత నల్లగా ఉంటే అంత చెరుపు. చీకటిగా ఉందనుకుని కంటిపాప పెద్దదవుతుంది, ఆ కిరణాలు మరింతగా లోపలికి పోతాయి. ‘యూవీ 400’ అంటే 400 నానోమీటర్ల వరకు ఉన్న కిరణాలను ఆపుతుందని అర్థం. ఆ చీటీ ఎవరైనా అంటించవచ్చు. కొన్ని కళ్లజోళ్ల దుకాణాలలో దానిని కొలిచే చిన్న మిషను ఉంటుంది. అడిగితే అద్దం పెట్టి చూపిస్తారు. మేము అటువంటి దుకాణానికే వెళ్లాము.

అక్కడ అసలు చిక్కు మొదలైంది. చుట్టూ ఫ్రేము ఉన్నవి, కింద ఫ్రేము లేనివి, రెండు కళ్లకూ కలిపి ఒకే పలకగా ఉన్నవి. ఈ ఒకే పలక రకం 1980లలో సైకిలు పందేల వారితో పేరుకెక్కింది. గాలి బాగా ఆపుతుంది గాని, వీపున మందు ట్యాంకు మోసుకుని చెమటలు కక్కే మనిషికి లోపల ఆవిరి పట్టేస్తుంది. ఫ్రేము లేని అంచు బుగ్గకు తగిలితే గీసుకుంటుంది. అందుచేత చుట్టూ ఫ్రేము ఉండి, మూలల్లో గాలి ఆడే సందులు ఉన్నవాటి వైపు మొగ్గాము. కాడలు సన్నగా, తిన్నగా ఉంటేనే హెల్మెట్ లోపలికి పోతాయి. చెవి వెనుక కొక్కెంలా వంగినవి నొక్కుతాయి. ఈ సంగతి మాకు తెలియలేదు, హెల్మెట్ వెంట తీసుకుపోయిన నాన్నగారే కనిపెట్టారు.

పోలరాయిడ్ రకం చూపించి, నీటి మీది తళుకు పోతుందన్నాడు దుకాణదారు. నిజమే. కాని దానిలోంచి ఫోను చూస్తూ అద్దాన్ని తిప్పితే ఒక వాలులో తెర నల్లబడిపోయింది. కళ్లంలో నిలబడి ఫోనులో మిర్చి యార్డు ధరలు చూసుకునే రైతుకు అదొక తలనొప్పి. ధరా ఎక్కువే. రాత్రి ప్రయాణానికి పసుపు అద్దాలు కూడా తీసుకొమ్మన్నాడు. 2019లో అమెరికాలో డ్రైవింగు సిమ్యులేటరు మీద పరీక్షిస్తే, అవి రాత్రిపూట పాదచారులను చూడడానికి ఏమీ సహాయపడలేదని తేలింది. వద్దన్నాము.

రంగు దగ్గర మాత్రం నాన్నగారు మా మాట వినలేదు. గోధుమ రంగు అద్దంలో అంతా స్పష్టంగా కనబడుతుందని మేమంటే, ఆయన సంచిలోంచి గుప్పెడు ఎండు మిరపకాయలు తీసి బల్ల మీద పోశారు! గోధుమ అద్దంలోంచి చూస్తే తాలుకాయకూ మంచి కాయకూ ఉన్న తేడా తగ్గిపోయింది. బూడిద రంగులో రంగులు ఉన్నవి ఉన్నట్లే కనిపించాయి. “ఇదే” అన్నారు. దుకాణదారు నవ్వాడు గాని, ఆ రోజు బేరంలో తెలివైనవాడు ఆయనే. మూడవ కేటగిరీ, పాలీకార్బొనేట్ అద్దం, పద్నాలుగు వందలు. ఇంకా ముదురుగా ఉండే నాలుగవ కేటగిరీ బండి నడపడానికి పనికిరాదు.

మొదటి వారం ఊరంతా “ఏం బాబాయ్, బౌలింగా బ్యాటింగా?” అని ఆటపట్టించింది. ఆయన అద్దాలు జేబులో దాచి, ఊరు దాటాక పెట్టుకునేవారు. తరువాత అలవాటు పడ్డారు.

ఒక మధ్యాహ్నం నాన్నగారు నిద్రపోతుండగా, కళ్లంలో కాయలు ఏరుతున్న అమ్మ ఆ అద్దాలు పెట్టుకుని కనబడింది. అవి ముక్కు మీద నుండి జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని మరో చేత్తో ఏరుతున్నది. మమ్మల్ని చూసి గబగబా తీసేసింది. నలభై ఏళ్లుగా ఆమె కూర్చున్నది కూడా ఆ ఎండలోనే, ఆ ఘాటులోనే. దగ్గరకు వెళ్లి చూస్తే కుడి కంటిలో, ముక్కు వైపున, పసుపుపచ్చని చిన్న బొడిపె. ఎప్పటి నుండి అని అడిగితే, “నాన్నగారి ఆపరేషనుకు ముందు నుండే” అన్నది.

డాక్టరుగారు చూసి, ఇప్పటికి కోత అక్కరలేదు, ఎండ నుండి కాపాడుకుంటే చాలన్నారు. అక్కడి నుండి తిన్నగా ఆ దుకాణానికే వెళ్లాము. మగవారి కొలతలేవీ అమ్మకు నిలబడలేదు. చివరికి కుర్రవాళ్ల సైజులో, ముక్కు దగ్గర రబ్బరు ఉన్నది సరిపోయింది. అమ్మ కొంగుముడి విప్పబోతే, డబ్బు నాన్నగారే ఇచ్చారు.