ఒకే కారు, రెండు ముఖాలు

1955 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని క్రూ పట్టణపు కర్మాగారం నుంచి వెలువడిన రెండు విలాసవంతమైన కార్లను, అంటే రోల్స్‌రాయిస్ సిల్వర్ క్లౌడ్‌నూ బెంట్లీ ఎస్‌నూ పోల్చబూనినవారికి ఎదురయ్యే మొదటి చిక్కు, వాటి మధ్య తేడాను వెతుక్కోవలసిరావడమే. రెండింటికీ జాన్ బ్లాచ్‌లీ తీర్చిన ఆకృతే, విడిగా తయారైన ఉక్కు చట్రమే, 4,887 సీసీల ఆరు సిలిండర్ల ఇంజనే. పెట్రోలు కలిసిన గాలిని లోనికి వదిలే వాల్వు సిలిండర్‌కు పైన, కాలిన వాయువును బయటికి పంపే వాల్వు పక్కన ఉండే అమరిక సైతం ఒక్కటే. గేర్లు తమంతట తామే మారే గేర్‌బాక్సు మాత్రం అమెరికాలోని జనరల్ మోటార్స్ పరిజ్ఞానం. ఆంగ్లేయుల దర్పం ఆ ఒక్కచోట తల వంచక తప్పలేదు.

తేడా అంతా రేడియేటర్ ముందుండే గ్రిల్‌లోనే ఉంది. రోల్స్‌రాయిస్ గ్రిల్ గ్రీకు దేవాలయపు ముఖభాగాన్ని తలపిస్తుంది. పూర్తి చదునుగా ఉన్న తలం కంటికి లోపలికి కుంగినట్టు కనిపిస్తుంది కనుక, ప్రాచీన శిల్పులు స్తంభాలకు ఇచ్చినట్టే దీని తలాలకూ గుర్తుపట్టలేనంత ఉబ్బు ఇస్తారు. ఈ పద్ధతిని ఎంటాసిస్ అంటారు. తిన్నగా కనిపించడానికి వంచవలసిరావడం లోహకారుడి పనిలోని అసలు సొగసు. దానిపైన 1911లో చార్లెస్ సైక్స్ రూపొందించిన స్త్రీమూర్తి నిలుస్తుంది. బెంట్లీ గ్రిల్ భుజాలు గుండ్రంగా ఉంటాయి, దాని గుర్తు రెక్కల బి అక్షరం.

1924 నుంచి 1930 వరకు లమాన్స్ 24 గంటల పందేన్ని ఐదుసార్లు గెలిచి కూడా ఆర్థికంగా నిలదొక్కుకోలేకపోయిన బెంట్లీని రోల్స్‌రాయిస్ 1931లో కొనుగోలు చేసింది. ఆ పందేల చరిత్ర వల్ల రోల్స్‌రాయిస్ యజమాని వెనుక సీటులో కూర్చుంటాడనీ, బెంట్లీ యజమాని స్వయంగా స్టీరింగు పడతాడనీ ఒక నానుడి స్థిరపడింది. మామూలు సెలూన్ విషయంలో ఈ విభజనకు యంత్రపరమైన ఆధారం లేదు. తేలికపాటి బాడీలతో, వేగవంతమైన ప్రయాణానికి అనువుగా కట్టిన బెంట్లీ కాంటినెంటల్ రకానికే యజమాని స్వయంగా నడిపే కారన్న పేరు నిజంగా చెల్లుతుంది. ఆడంబరం కనబడకూడదనుకునే ధనికులు బెంట్లీని ఎంచుకున్నారనే మాటా ఉంది. అయితే ధరలో తేడా స్వల్పమే గనుక ఆ వినయాన్ని గుర్తించగలిగినవారు సాటి ధనికులే.

తొలి శ్రేణిలో బెంట్లీలే ఎక్కువగా అమ్ముడుపోయాయి. 1959లో 6,230 సీసీల అల్యూమినియం వి8 ఇంజను వచ్చాక రోల్స్‌రాయిస్ ముందుకు వచ్చింది. 1965లో, చట్రమూ బాడీ ఏకమైన సిల్వర్ షాడోతో పాటు వచ్చిన బెంట్లీ టి, గ్రిల్ తప్ప దాదాపు అన్నీ సమానమైనా, అమ్మకాల్లో దానికి చాలా దూరంలో ఆగిపోయింది.