తక్కెడ మారితే తూకం మారదా?

ఒక కొట్లో తూచిన బియ్యం ఇంకో కొట్లో తగ్గితే మనం ముందు తక్కెడను అనుమానిస్తాం. పిల్లల బలాబలాలు తూచేటప్పుడు మాత్రం ఆ జాగ్రత్త మనకు ఉండదు.

సింధనూరులో మా అబ్బాయి, అమ్మాయి ఒకే జిమ్‌కు వెళ్తారు. ఇద్దరూ చేసేది రోయింగ్. అంటే పడవవాడు తెడ్డు లాగినట్టు బరువును పొట్ట వైపు లాక్కోవడం. వీపుకు, రెక్కలకు మంచి కసరత్తు. అబ్బాయి కూర్చుని తీగ లాగే యంత్రం మీద 50 కిలోలు లాగుతాడు. అమ్మాయి బల్లమీద ఒక చెయ్యి ఆన్చి, రెండో చేత్తో 12 కిలోల డంబెల్ లాగుతుంది. పండక్కి వచ్చిన చుట్టాలు ఈ అంకెలు విని, “వాడి బలంలో నీది నాలుగోవంతు కూడా లేదేమే!” అన్నారు. నవ్వులాటకే అన్నారు. మర్నాటి నుంచి అమ్మాయి జిమ్ మానేసింది.

ఆ లెక్క ఎందుకు కుదరదో చెప్పడానికి గోదావరి జిల్లాలో మా తాతగారింటి నుయ్యి పనికొచ్చింది. గట్టుమీద వంగి వట్టి తాడుతో చేద లాగితే నడుము పట్టేస్తుంది. గిలక మీదుగా లాగితే అదే చేద సులువుగా వస్తుంది. ఒక్క గిలక బరువును తగ్గించదు. కిందికి లాగుతాం కనుక మన ఒంటి బరువు సాయపడుతుంది. చేదతోపాటు పైకి కదిలే గిలక ఇంకొకటి ఉంటే చేతిమీద సగం భారమే పడుతుంది. జిమ్ యంత్రాలూ అంతే. పలకమీద 50 అని ఉన్నా, లోపలి గిలకల అమరికను బట్టి చేతికి 25 లాగే తగలవచ్చు.

వంగి రెండు చేతులతో ఇనుప కడ్డీ లాగేటప్పుడు చిక్కు వేరు. ఉత్త కడ్డీయే సాధారణంగా 20 కిలోలు. పైగా నడుము, తొడలు ఒంటిని నిలబెట్టాలి. చేతులు అలవకముందే నడుము చాలంటుంది. బల్లకు ఛాతీ ఆన్చి లాగితే నడుముకు ఆ పని తప్పుతుంది. ఒక చేత్తో 12 లాగినవారు రెండు చేతులతో కచ్చితంగా 24 లాగుతారనీ చెప్పలేం.

మన రైసుమిల్లుల దగ్గర 75 కిలోల ధాన్యం బస్తా వీపున మోసే హమాలీని చూడండి. ఆ బస్తా వీపుకెక్కించడానికి ఇంకో ఇద్దరు చెయ్యి వేస్తారు. అంతమాత్రాన ఆయన్ని బలహీనుడంటామా?

మన కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కంచు పతకం తెచ్చింది. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. అదే మనిషి, అదే రోజు, రెండు పద్ధతుల్లో రెండు అంకెలు. స్నాచ్‌లో ఆమె బలం తగ్గిందని ఎవరూ అనలేదు.

ఇదంతా విన్నాక అమ్మాయి నోటు పుస్తకం తీసి ఒక్కో కసరత్తుకు ఒక్కో పేజీ కేటాయించింది. పోలిక ఆ పేజీలోనే: పోయిన నెల నేను, ఈ నెల నేను. ఇప్పుడు డంబెల్ పేజీలో 16 దాకా వచ్చింది.

బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు మాట్లాడే మన పిల్లల పద్యాలను విజయవాడలో పెరిగిన పిల్లల పద్యాలతో పోల్చి చిన్నబుచ్చే అలవాటు మనలో చాలామందికి ఉంది. వారు లాగే తాడు వేరు, వీరు లాగే తాడు వేరు. నిరుటికన్నా ఈ ఏడు ఒక పద్యం ఎక్కువ వస్తే, ముందు దాన్ని మెచ్చుకుందాం.