ఎడ్లు లేని బండి

నా పాత శిష్యుడూ, వాడి భార్యా, ఇద్దరూ చిత్రకారులే. మొన్న బోధన్ నుంచి నిజామాబాదులోని మా ఇంటికి వచ్చారు. అమెరికా వెళ్దామని వాడు, వద్దని ఆమె. తీర్పు నేను చెప్పాలట! తెలుగు పంతులుకు వీసాల సంగతులన్నీ తెలిసినట్టు!

ఏదో ఒకటి అనాలి గదా అని కృష్ణారెడ్డి గారి కథ ఎత్తుకున్నాను. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, శాంతినికేతనంలో చదివి, పారిస్ చేరి, ఒకే లోహపు రేకు మీద చిక్కనివీ పల్చనివీ సిరాలు పట్టించి ఒక్క అచ్చుతోనే అన్ని రంగులూ రప్పించిన మహానుభావుడు. భార్య జూడీ బ్లమ్ కూడా చిత్రకారిణే. 1976లో పారిస్ వదిలి న్యూయార్కులో స్థిరపడ్డారు.

"చూశారా?" అన్నాను, తగువు తీర్చేసినట్టు.

"న్యూయార్కు ఆమె పుట్టిన ఊరే గద సార్," అంది ఆ అమ్మాయి నెమ్మదిగా. "ఆమె ఇంటికి పోయింది. నేనెక్కడికి పోవాలె? నా చెరకు బండ్లు అక్కడ ఉంటయా?"

"ఇక్కడ మాత్రం ఏవీ? శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015లోనే మూతబడె," అన్నాడు వాడు.

ఆమె మాట్లాడలేదు. నాకూ ఏమీ తోచలేదు.

వెళ్తూ వెళ్తూ ఒక బొమ్మ నా చేతికిచ్చింది. ఏ సంగతీ తేలేదాకా ఉంచమంది. నిండా చెరకు గడలున్న బండి. ఎడ్లనింకా గీయలేదు.

గోడకు మేకు కొట్టనా అని మా ఆవిడ అడిగితే, అప్పుడే వద్దన్నాను.