మళ్ళీ అడిగితే పెట్టరా?

జులై మొదటి వారంలో నాయన ఫోన్ చేసి విత్తనానికి డబ్బులు అడిగాడు. నాయన నేరుగా అడిగే మనిషి కాదు. ముందు మబ్బుల గురించి చెప్తాడు. పక్క చేనివాళ్ళు గొర్రు బాగుచేయించుకున్నారని చెప్తాడు. ఆ తర్వాత కాసేపు ఏమీ మాట్లాడడు. ఆ కాసేపే అడగడం. మూడెకరాలకి ఒలిచిన విత్తనం 18 వేలు దాకా అవుతుందని ఆఖర్న, అదేదో వేరేవాళ్ళ సంగతైనట్టు అన్నాడు.

"ఈ నెల కొంచెం టైట్‌గా ఉంది నాయనా, ఒకటో తారీఖు జీతం పడినాక వేస్తా."

"అట్లే కానీలేప్పా. వాన యాడొచ్చింది ఇంకా."

టైట్‌గా ఉన్నమాట నిజమే. ఎందుకు టైట్‌గా ఉందో చెప్పలేదంతే. ఆ నెల మా పెళ్ళయి మూడేళ్ళు. బెంగళూరులో ఒక పెద్ద హోటల్ లోపల ఉండే జపాన్ రెస్టారెంట్లో, ఎనిమిది మందికి మాత్రమే చోటుండే కౌంటర్ దగ్గర, రెండు సీట్లు అప్పటికే బుక్ చేసి అడ్వాన్స్ కట్టేశాను. పోకపోతే ఆ అడ్వాన్స్ తిరిగి రాదు. పోతే మిగతాది కట్టాలి. ఇదీ లెక్క. ఆ లెక్కలో నాయన ఎక్కడా అబద్ధం కాలేదు, నేనే అయ్యాను.

మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. జైసల్మేర్ తర్వాత దేశంలో అంత తక్కువ వాన పడేది మన జిల్లాలోనేనని బడిలో పంతుళ్ళు చెప్తుంటే, ఏదో పోటీలో రెండో బహుమతి వచ్చినట్టు వినేవాళ్ళం. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లు అటూఇటూ. అది కూడా పడాల్సినప్పుడు పడదు. మా వైపు వాళ్ళు పిల్లల్ని బెంగళూరుకి పంపడం వెనక ఉన్న ఆర్థికశాస్త్రం అంతా ఆ ఒక్క అంకెలోనే ఉంది.

రెస్టారెంట్ సంగతికొస్తే, మెనూ ఉండదు. ఒమకాసే అంటారు. 'మీకే వదిలేస్తున్నా' అని దాని అర్థం. వంటవాడు ఏది పెడితే అది, ఏ వరసలో పెడితే ఆ వరసలో తినాలి. మా ఆవిడది తెనాలి. అక్కడ పెళ్ళి పంతిలో కూర్చుంటే ఆకు నిండా ఒకేసారి వడ్డిస్తారు. తినేవాడే వరస నిర్ణయించుకుంటాడు. "ఇదేంటి, ఒక్కోటి విడివిడిగా ఇచ్చి కూర్చోబెడతారు, సీరియల్ లాగా" అని చెవిలో అంది. నాకు మాత్రం అలవాటే. మా ఇంట్లో కూడా మెనూ ఎప్పుడూ లేదు. అమ్మ సంగటి కెలికితే సంగటి, ఊరుబిండి నూరితే ఊరుబిండి. ఇంకేం కావాలని అడిగినవాళ్ళు లేరు.

లేతరంగు చెక్క కౌంటర్. దానిమీద ఒక్క మరక లేదు. అవతల మణిపూర్ కుర్రాడు, మా తమ్ముడి వయసు ఉంటుంది, కత్తి తుడుచుకుంటున్నాడు. మొదట ఒక చిన్న నల్ల గిన్నె పెట్టాడు. అందులో రెండు వేళ్ళ వెడల్పున ఒక తెల్లటి ముక్క, చుట్టూ చెంచాడు గోధుమరంగు పులుసు, పైన చిటికెడు అల్లం. చూడ్డానికి తోఫు. చెంచాతో తాకితే జున్నులా ఊగింది, తెగకుండా కొంచెం సాగింది.

నోట్లో పెట్టుకున్నాక ఒక్క క్షణం ఏమీ తెలియలేదు. రెండో క్షణంలో మా ఇంటి పంచ కనబడింది. విత్తనానికి కాయలు ఒలుస్తూ ఆడవాళ్ళంతా కూర్చుంటారు కదా, పక్కన చేరి నలిగిన పప్పులు నోట్లో వేసుకుని నములుతుంటే పాలు ఊరతాయి. అదే ఆ పాల రుచి. పచ్చి చెనిక్కాయ.

"ఇది సోయా కాదు కదా?" అన్నాను.

అతను నవ్వాడు. జిమామీ తోఫు అట. జపాన్‌కి దక్షిణాన ఉన్న ఒకినావా దీవుల వంట. పచ్చి పల్లీలు నానబెట్టి, రుబ్బి, గుడ్డలో పిండి పాలు తీసి, చిలగడదుంప పిండి కలిపి, చేయి ఆపకుండా కలియబెడుతూ ఉడికిస్తారు. చల్లారితే గడ్డకడుతుంది. 'జిమామీ' అంటే నేలలో కాసే పప్పు అని అర్థం. మనం వేరుశనగ అన్నట్టే. ఎవరికెవరూ చెప్పుకోకుండానే ఇద్దరం ఆ గింజని నేలలోంచి పీకుతూ ఒకటే పేరు పెట్టుకున్నాం.

(ఇంటికొచ్చాక వెతికితే ఇంకో మాట దొరికింది. జపాన్‌లో మామూలుగా వేరుశనగని 'రక్కసేయి' అంటారు. పూవు రాలి పుట్టేది అని. చిన్న పసుప్పచ్చ పూవు వాడిపోయాక దాని మొదట్లోంచి ఊడ బయల్దేరి, నేలలోకి దిగి, లోపల కాయ కట్టడం చూసినవాడే ఆ పేరు పెట్టగలడు. టోక్యో పక్కన చిబా వైపు బాగా పండిస్తారట. ఊడలు దిగే పదిరోజులూ నేల మెత్తగా ఉండకపోతే ఏమవుతుందో చిబా రైతుకీ తెలిసే ఉంటుంది, అక్కడ ఆ భయం ఎంతుంటుందో గానీ.)

"ఒక గుప్పెడు చెనిక్కాయలు కూడా లేవు ఇందులో" అన్నాను మా ఆవిడతో.

"లెక్కలు మానెయ్, తిను" అంది.

తిన్నాను. అబద్ధం చెప్పను, చాలా బాగుంది. ఇలాంటి వ్యాసాల్లో ఖరీదైన తిండిని ఎగతాళి చేయడం ఒక మర్యాదగా మారింది. నేనాపని చెయ్యలేను. ఆ తర్వాత మూత పెట్టిన గిన్నెలో తేట చారు వచ్చింది. కొంబు అనే సముద్రపు నాచు, ఎండబెట్టి చెక్కలా గట్టిపడిన చేపని చిత్రిక పట్టిన పొరలు, ఈ రెండిటి సారం. 1908లో ఇకెదా అనే రసాయన శాస్త్రవేత్త ఆ నాచు చారులోంచే 'ఉమామి' అనే రుచికి పేరు పెట్టాడు. తేట నీళ్ళలా ఉంది, గొంతు దిగాక కూడా పోలేదు. పచ్చి చేప, కాల్చిన చేప, గుడ్డుతో ఆవిరి మీద ఉడికించిన చవన్‌ముషి, ఇంకేవో. వాటి గురించి రాయగలిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. సుషీ వచ్చినప్పుడు నేను చాప్‌స్టిక్స్‌తో తంటాలు పడుతుంటే, చేత్తో తినడమే అసలు పద్ధతి అన్నాడు ఆ కుర్రాడు. అప్పటిదాకా బిగుసుకుని కూర్చున్న భుజాలు కొంచెం వదులయ్యాయి.

మధ్యలో అతనే చెప్పాడు, ఇలా చిన్నచిన్న వంటకాలు ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చే భోజనాన్ని కైసేకి అంటారనీ, ఆ మాట రాసే అక్షరాలకి 'ఒడిలో రాయి' అని అర్థమనీ. పూర్వం జెన్ సన్యాసులు సాయంత్రం తిండి తినకూడదు కాబట్టి, ఆకలి తెలియకుండా వేడిచేసిన రాయిని బట్టలో చుట్టి పొట్ట దగ్గర పెట్టుకునేవాళ్ళట. ఆ రాయిలాగే ఆకలిని కాసేపు ఆపేంత తిండి మాత్రమే పెట్టాలని, తేనీటి వేడుకలో ఈ భోజనం పుట్టిందట. 16వ శతాబ్దంలో సెన్ నో రిక్యూ అనే తేనీటి గురువు దాన్ని ఒక చారు, మూడు వంటకాలకి కుదించాడు. ఆయన కాలంలో ఈ రాయి అక్షరం వాడలేదనీ, తర్వాతివాళ్ళు ఆ కథని జతచేశారనీ కూడా చదివాను. జతచేసిందే అయినా, ఎవడో ఆకలి తెలిసినవాడే చేసి ఉంటాడు.

నాకు వెంటనే తడిగుడ్డ గుర్తొచ్చింది. కడుపు మీద తడిగుడ్డ వేసుకుని పడుకున్నామని మనవాళ్ళు అంటారే, అది. చలిదేశం వాడు వేడి రాయి పెట్టుకున్నాడు, మనం తడిగుడ్డ వేసుకున్నాం. వాడి రాయి పదకొండు వంటకాలై బెంగళూరు దాకా వచ్చింది. మన తడిగుడ్డ సామెతగా మిగిలిపోయింది.

అప్పుడే జేబులో ఫోన్ అదిరింది. నాయన. తీయలేదు. కౌంటర్ దగ్గర ఫోన్ మాట్లాడొద్దని వచ్చినప్పుడే చెప్పారు, అదొక సాకు దొరికింది. మళ్ళీ అదిరింది. మూడోసారి కూడా. ఆఖర్న అన్నం, చారు, ఊరగాయ వచ్చాయి. అన్నం ఆఖర్న ఇస్తారు వాళ్ళు, ఇంకా ఆకలి మిగిలి ఉంటే అన్నట్టు. తర్వాత ఒక సీతాఫలం ఐస్‌క్రీమ్, తర్వాత బిల్లు. అడ్వాన్స్‌తో కలిపి, పన్నులతో సహా, 17,400.

బయటికొస్తే వాన. బెంగళూరులో వాన పడితే ట్రాఫిక్ గురించి తిట్టుకుంటాం. నేను పోర్టికోలో నిలబడి ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ ఎత్తింది.

"ఊర్లో వానొచ్చెరా! సాయంత్రం నుంచి కుండపోత. చేన్లో నీళ్ళు నిలిచినాయంట."

"నాయనేడీ?"

"ఇత్తనానికి పోయినాడు. పదునారిపోతే మళ్ళీ ఎప్పుడొస్తాదో. నీకు చేసినాడంట, ఎత్తలేదంట. ఆ షావుకారి దగ్గరికే పోయినాడు."

ఆ షావుకారి దగ్గరికి పోవడమంటే ఏంటో నాకు తెలుసు. విత్తనం అప్పుగా ఇస్తాడు. పంట వచ్చాక కాయ ఆయనకే తోలాలి, ఆయన చెప్పిన ధరకి. వడ్డీ వేరే. దాని నుంచి బయటపడటానికి నాయనకి నాలుగేళ్ళు పట్టింది. నా మొదటి జీతాలు పోయింది దానికే.

"తిన్యావా?" అంది అమ్మ.

"తిన్యా."

"ఏం తిన్యావు?"

"అన్నం" అన్నాను. ఆఖర్న పెట్టారు కదా. అబద్ధం కాదు.

ఆ రాత్రే యాప్‌లో 18 వేలు పంపాను. అంటే, పంపగలిగాను. క్రెడిట్ కార్డు మీద ఇంకో నెల లాగొచ్చని అప్పుడు తట్టింది, జులై మొదటి వారంలో తట్టలేదు. అప్పటికే నాయన షావుకారి దగ్గర బస్తాలు ట్రాక్టర్‌కి ఎక్కించుకున్నాడు. మాట ఇచ్చాక మర్నాడు డబ్బు తెచ్చి మొహాన కొట్టే మనిషి కాదు. అలా చేస్తే వచ్చే ఏడాది ఆ తలుపు తెరుచుకోదు. నా 18 వేలు ఎరువులకీ కూలికీ వాడుకున్నాడు.

వినాయక చవితికి ఊరికి పోయాను. పెనుకొండ దాటేటప్పుడు హైవే పక్కన కొరియా అక్షరాల బోర్డులు. 2019లో కియా కార్లు బయటికి రావడం మొదలైనప్పటి నుంచీ ఉన్నాయి, ఆ ఇంజనీర్ల కోసం హోటళ్ళు. మా వైపు తిండి మారదని ఎవరైనా అంటే నమ్మొద్దు.

అవ్వకి ఎనభై దాటాయి. పంచలో కూర్చుని ఉంది. ఎవరికీ చెప్పని ఆ భోజనం సంగతి అవ్వకి చెప్పాను, ఎందుకో తెలీదు. ధర తప్ప అంతా చెప్పాను. చెనిక్కాయ పాలు గడ్డకట్టించిన సంగతి, నాచు చారు, ఒక్కోదానికీ ఒక్కో గిన్నె.

"ఒక్కోటీ ఒగ ముద్దేనా?"

"ముద్ద కూడా కాదవ్వా. సగం ముద్ద."

"మళ్ళీ అడిగితే పెట్టరా?"

"పెట్టరు. అడక్కూడదు."

అవ్వ నవ్వింది. పళ్ళు లేని నోటితో చాలాసేపు నవ్వింది. తర్వాత గంజి కేంద్రం గురించి చెప్పింది. 1952 కరువులో సీమంతా గంజి కేంద్రాలు పెట్టారు. అవ్వకి ఎనిమిదేళ్ళు ఉంటాయేమో. ఇత్తడి చెంబు పట్టుకుని వాళ్ళమ్మ వెనక వరసలో నిలబడేది. మనిషికి ఒక గరిటె. చిన్నపిల్లలకి సగం.

"గరిటె వంచేటోని మొగం చూస్తా ఉంటి. వాని చెయ్యి చూస్తే తెల్సిపోతాది, అడుగునుంచి ముంచుతాడా, పైనుంచి ముంచుతాడా అని. అడుగునైతే చిక్కగుంటాది. మళ్ళీ అడిగితే తిట్టేటోడు."

నేనూ ఆ రాత్రి రెండు గంటలసేపు ఎదుటివాడి చేతులే చూస్తూ కూర్చున్నాను. ఆ మాట అవ్వతో అనలేదు. రెండూ ఒకటి కాదు, ఒకటని రాస్తే అవ్వకి అవమానం. వరసలో నిలబడి కొలత ప్రకారం తినడం ఈ నేలకి కొత్తదేం కాదనే చెప్తున్నా. అవ్వకంటే ముందు ధాత కరువు ఉంది. 1877లో రిచర్డ్ టెంపుల్ అనే దొర, కరువు పనికొచ్చిన మగమనిషికి రోజుకి ఒక పౌను గింజలు, ఒక అణా చాలని తేల్చాడు. మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ అది చాలదని కొట్లాడాడు. మనిషి బతకడానికి ఎంత తిండి కావాలని కాగితం మీద లెక్కవేసినవాళ్ళు మా వైపు ఆకలిని బాగా తూకం వేశారు.

సాయంత్రం నాయనతో చేనికి పోయాను. జులై వాన తర్వాత ఇంకో వాన పడింది, తర్వాత లేదు. చెట్టు ఎత్తి చూపించాడు. ఊడలు దిగుతున్నాయి, సన్నగా, ఊదారంగులో. కొన్ని నేలని తాకి లోపలికి పోలేక అక్కడే వంగి ఉన్నాయి.

"ఇంకో వాన పడితే దిగుతాయి" అన్నాడు.

"నాయనా, ఆ రోజు నువ్వు ఫోన్ చేసినప్పుడు..."

"మీటింగులో ఉంటివని మీ అమ్మ చెప్పె."

అమ్మకి నేను మీటింగని చెప్పలేదు. అమ్మే చెప్పుకుంది. జేబులోంచి కవరు తీసి ఇచ్చాను, షావుకారి వడ్డీ మేరకు. నాయన లెక్కపెట్టకుండా అంగీ లోపలి జేబులో పెట్టుకుని, వంగి చేత్తో ఎత్తిన చెట్టుని మళ్ళీ గుంతలో పెట్టి, చుట్టూ మట్టి అదిమాడు.

"అది ఇంక బతకదు కదా?"

"సూద్దాం" అన్నాడు.